టపా కట్టడం వేరు, టపా రాయడం వేరు

సందేహం: మా అమ్మాయి షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తూ రాత్రిపూట తెలుగులో బ్లాగు, అంటే ఇంటర్నెట్‌లో సొంత రాతల పేజీ, రాస్తుంటుంది. మొన్న ఫోన్ చేసి "అమ్మా, నాయనమ్మ మీద టపా రాశాను, చదివి చెప్పు" అంది. మా అత్తగారు ఎనభై దాటినా నిక్షేపంలా ఉన్నారు. ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. మా వైపు "టపా కట్టేశాడు" అంటే పోయాడని అర్థం. ఇలాంటి అశుభపు మాటను బ్లాగులో రాసే రాతకు పేరుగా పెట్టొచ్చా? అసలు బ్లాగు అనాలా, బ్లాగ్ అనాలా? జనానికి దీని మీద అంత మోజు ఎందుకు పుట్టిందో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. టపా అశుభపు మాట కాదు. "బాల్చీ తన్నేశాడు" అన్నా పోయాడనే కదా అర్థం, అయినా నీళ్ళు తోడుకునే బాల్చీని మనం బాల్చీ అనే అంటున్నాం. ఒక మాట ఒక నుడికారంలో చిక్కుకుందని ఆ మాటనే వదులుకుంటూ పోతే చివరికి మన నోట్లో ఏం మిగులుతుంది?

మీ రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తాను. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. బస్సు, కారు, బ్యాంకు అన్నట్టే బ్లాగు. బహువచనం బ్లాగులు. "బ్లాగ్స్ చదువుతాను", "తెలుగు బ్లాగర్స్" అని రాస్తున్నారు చూడండి, అది నాకు నచ్చదు. మనకు నిక్షేపమైన 'లు' ఉండగా ఆ 'స్' అరువు తెచ్చుకోవడం దేనికి? అంతకన్నా బాధపెట్టేది "నిన్న బ్లాగులో పోస్ట్ చేయడం జరిగింది" అనే వాక్యం. జరగడానికి అదేమైనా రథోత్సవమా? రాసింది మీరేగా, "నిన్న రాశాను" అనండి, హాయిగా ఉంటుంది. ఇక పొల్లు పెట్టి బ్లాగ్ అని రాస్తే తప్పని కొట్టేస్తానా అంటే, కొట్టెయ్యను. మాటల్లో ఎలాగూ అలాగే వినిపిస్తోంది. కానీ "బ్లాగ్‌ని", "బ్లాగ్‌కి" అని అతుకులు వేసుకోవడం కన్నా "బ్లాగును", "బ్లాగుకు" అనడం నోటికి సులువు. రాసేవాళ్ళను బ్లాగరి అని కూడా కొందరు అన్నారు. నేర్పు ఉన్నవాడు నేర్పరి, పొదుపు చేసేవాడు పొదుపరి అయినట్టే బ్లాగు రాసేవాడు బ్లాగరి. ఇంగ్లీషు మాట చప్పుడూ పోలేదు, తెలుగు ప్రత్యయమూ కుదిరింది. ఇంత చక్కని మాట ఎందుకు వాడుక తగ్గిందో అని ఇప్పటికీ దిగులు పడుతుంటాను.

ఇప్పుడు టపా దగ్గరికి వద్దాం. ఈ మాటంటే నాకు చాలా ఇష్టం, అందుకని కొంచెం ఓపిక పట్టండి.

హిందీలో, మరాఠీలో టప్పా అంటే దారిలో ఒక మజిలీకీ ఇంకో మజిలీకీ మధ్య ఉన్న విడత. వెనకటి రోజుల్లో ఉత్తరాల సంచిని ఒక మనిషి మోసుకుంటూ పరుగెత్తుకొచ్చి, మజిలీలో కాచుకుని ఉన్న ఇంకో మనిషికి అందించేవాడు. ఆ మనిషి దాన్ని పట్టుకుని తరవాతి మజిలీకి పరుగు. అలా మజిలీ పేరే కాలక్రమాన ఉత్తరాల ఏర్పాటుకు, ఆ తరవాత ఉత్తరాలకు పేరయింది. మన తపాలా, ఇక్కడి తమిళుల తబాలు దీనికి చుట్టాలేనని నా నమ్మకం. ఇదేదో ఒక్క మాటకు పట్టిన అదృష్టం అనుకోకండి. అంచె అనే మాట చూడండి. అదీ మజిలీయే, మారు మనుషులు కాచుకుని ఉండే చోటు. కన్నడంలో అదే పోస్టుకు పేరయింది, బెంగళూరులో పోస్టాఫీసును అంచె కచేరి అంటారు. మన చెన్నైలో బోర్డు మీద అంజల్ అని ఉంటుంది, జనం నోట్లో తబాలు ఉంటుంది. తెలుగులో మాత్రం అంచె ఉత్తరాలను వదిలేసి "అంచెలంచెలుగా ఎదిగాడు" అనే మాటలో వెళ్ళి కూర్చుంది. అలా అన్నప్పుడల్లా మనం పాతకాలపు తపాలా బంట్రోతు పరుగును తలుచుకుంటున్నట్టే. ఇంకా చిత్రం, ఇంగ్లీషు పోస్టు పుట్టుక కూడా ఇదే. లాటిన్‌లో 'నిలిపినది' అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, దారి పొడుగునా నిలిపి ఉంచిన మనుషులు, గుర్రాలు అన్నమాట. మూడు చోట్ల ముగ్గురూ ఒకే ఆలోచన చేశారు.

ఇక్కడ ఒక పేచీ ఉంది, అది దాచడం న్యాయం కాదు. బ్లాగులో పోస్టు అంటున్నది ఉత్తరాల పోస్టు కాదు. నోటీసును గుంజకు కొట్టి అందరికీ కనపడేలా పెట్టడాన్ని ఇంగ్లీషువాళ్ళు పోస్టు చేయడం అన్నారు, కంప్యూటర్లలో నోటీసు బోర్డులు వచ్చినప్పుడు ఆ మాటే అక్కడికి ఎక్కింది. ఆ పోస్టు అంటే కొయ్య గుంజ, వేరే మాట. ఆ లెక్కన టపా అని అనువదించినవాళ్ళు పొరబడ్డారనే అనాలి. అయితే ఇది మంచి పొరపాటు. గోడ మీది నోటీసుకు జవాబు రాదు, టపాకు వస్తుంది. "తిరుగు టపాలో జవాబు రాయవలెను" అని మా తాతగారు ప్రతి ఉత్తరం కిందా రాసేవారు. పత్రికలకు కథ పంపితే, తిరుగు టపాకు తగిన స్టాంపులు జతచేయమనేవారు. ఆ తిరుగు టపా కోసం వాకిట్లో నిలబడ్డ మధ్యాహ్నాలు నాకు గుర్తున్నాయి. ఇంత బతుకు బతికిన మాటను, "టపా కట్టేశాడు" ఒక్కటే గుర్తుపెట్టుకుని అశుభమంటే దానికి అన్యాయం చేసినట్టే. ఆ నుడికారం కూడా బహుశా ఉత్తరాల సంచి మూతి కట్టి పంపేయడం నుంచే వచ్చి ఉంటుంది. కట్టిన సంచి ఊరు దాటి వెళ్ళిపోతుంది కదా. ఇది నా ఊహ, పట్టుబట్టను. టపాకాయలో ఉన్నది మాత్రం చప్పుడే, దానికీ దీనికీ సంబంధం లేదు.

మనం ఉన్నది చెన్నైలో కాబట్టి ఇంకో మాట. తెలుగుకు నిఘంటువు చేసిన బ్రౌను దొర 1846లో ఈ ఊళ్ళో పోస్టుమాస్టర్ జనరల్ అయ్యారు, 1855 దాకా ఉద్యోగంలో ఉన్నారు. ఆ మధ్యలోనే, 1852లో, ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. తెలుగు మాటల పెట్టె, ఉత్తరాల పెట్టె ఒకే మనిషి చేతిలో ఉండేవి. టపాను తెలుగు రాతకు పేరు పెట్టడం ఈ ఊరివాళ్ళకైనా కొత్తగా అనిపించకూడదు.

బ్రౌను కన్నా ముందు ఏనుగుల వీరాస్వామయ్య గారు ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పేవారు. 1830 మే 18న ఇక్కణ్ణుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారిలో ఏ ఊళ్ళో దిగారు, నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, మనుషులు ఏం మాట్లాడతారు, అన్నీ తేదీల వారీగా, ఆనాటి మద్రాసు తెలుగువాళ్ళు మాట్లాడుకునే భాషలోనే రాశారు. పాండిత్యం చూపించాలని కాదు, చూసింది చెప్పాలని రాశారు. బ్లాగంటే ఏమిటని ఎవరడిగినా నేను ముందు ఆయన పుస్తకం కాశీయాత్ర చరిత్రే చూపిస్తాను. తేడా ఒక్కటే. ఆయన 1836లో పోయారు, ఆ రాతలను మిత్రుడు కోమలేశ్వరపు శ్రీనివాస పిళ్ళె గారు అచ్చు వేయించింది 1838లో. తన పుస్తకం చదివినవాళ్ళు ఏమన్నారో ఆయనకు తెలియనే తెలియదు. ఇవాళ మీ అమ్మాయి రాత్రి పదకొండింటికి రాసింది పదకొండుంబావుకు ఎక్కడో ఎవరో చదివి, కింద రెండు ముక్కలు జవాబు కూడా రాస్తున్నారు. జనానికి మోజు ఎందుకు పుట్టిందన్నారే, నన్నడిగితే అందుకే పుట్టింది.

మిగిలిన కారణాలూ ఉన్నాయి. 1997 డిసెంబరులో జోర్న్ బార్గర్ అనే అమెరికన్, తాను వెబ్‌లో చూసినవాటిని వరసగా రాసిపెట్టుకునే పద్ధతికి వెబ్‌లాగ్ అని పేరు పెట్టారు. లాగ్ అంటే దుంగ. ఓడ ఎంత వేగంతో పోతోందో తెలుసుకోవడానికి ముళ్ళు వేసిన తాడుకు చెక్క కట్టి సముద్రంలో విసిరేవారు, ఆ లెక్కలు రాసే పుస్తకానికీ ఆ పేరే వచ్చింది. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ ఆ వెబ్‌లాగ్‌ను సరదాగా 'వీ బ్లాగ్' అని విరిచారు, 'మేము బ్లాగుతాం' అన్నట్టు. మాట అక్కడ విరిగి బ్లాగు ఊడి కిందపడింది. అదే ఏడు ఆగస్టులో ఎవరైనా బ్లాగు పెట్టుకోగలిగే బ్లాగర్ అనే సైటు వచ్చింది. అంతకు ముందు సొంత పేజీ పెట్టుకోవాలంటే కంప్యూటర్ భాష నేర్చుకోవాలి, దాన్ని ఉంచడానికి చోటు వెతుక్కోవాలి. ఆ టెన్షన్ పోయింది. ఒక పెట్టెలో రాసి మీట నొక్కితే చాలు, తేదీ దానంతట అదే పడి, కొత్తది పైన, పాతది కిందకి. పైసా ఖర్చు లేదు, ఎడిటరు ఒప్పుకోవాలన్న బెంగ లేదు. 2003లో గూగుల్ బ్లాగర్‌ను కొనుక్కుంది, బ్లాగులకు పనికొచ్చే వర్డ్‌ప్రెస్ కూడా ఆ ఏడే వచ్చింది.

మనవాళ్ళకు ఇంకో అడ్డంకి ఉండేది. ఒక్కో పత్రిక సైటుకు ఒక్కో ఫాంటు, అది లేకపోతే తెరమీద పిచ్చి గీతలు. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే గుర్తు ఉండే యూనికోడ్ పద్ధతి ఇళ్ళలోని కంప్యూటర్లకు చేరాక, 'అమ్మ' అని ఇంగ్లీషు మీటలతో కొడితే తెలుగు అక్షరాలు వచ్చే లేఖిని లాంటివి దొరికాక గేటు తెరుచుకున్నట్టయింది. కొత్త టపాలన్నీ ఒకచోట చూపించే కూడలి అనే సైటు వచ్చింది. నాలుగు దారులు కలిసే చోటుకు మన ఊళ్ళల్లో ఉన్న పేరే పెట్టారు, ఆ పేరు పెట్టినవాళ్ళకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. చెన్నైలో, బెంగళూరులో, అమెరికాలో ఇంట్లో తెలుగు, బయట వేరే భాషగా బతికేవాళ్ళు చాలామంది ఉత్సాహంగా రాశారు. బళ్ళో తెలుగు దొరకని పిల్లలు కూడా తప్పులతోనైనా రాశారు. ఆ తప్పులను నేనెప్పుడూ తప్పుపట్టలేదు, రాయగా రాయగా వాటంతట అవే పోతాయి.

కాబట్టి టపా అనమని మీ అమ్మాయిని నిక్షేపంగా ప్రోత్సహించండి. మీ అత్తగారి ఎదుట ఆ మాట అనడానికి మీకు మనసొప్పకపోతే పోస్టు అనండి, రాత అనండి, నేను కాదనను. టపా రాశాను, టపా వేశాను, టపా పెట్టాను, మూడూ సరే. "టపా కట్టాను" అని మాత్రం అననివ్వకండి, అక్కడ మీ భయం సబబే. ఆమె రాసింది చదివి, కింద మీ పేరుతో నాలుగు వాక్యాలు రాయండి. దాన్ని వ్యాఖ్య అంటున్నారు, తిరుగు టపా అన్నా నాకు సంతోషమే.