మత్తు సూది మందులను ఎండల నుండి కాపాడుకోవడం గురించి ఒక లేఖ

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

ఏటూరునాగారం వైపు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేరావనీ, మందుల గది తాళాలు నీ చేతికి వచ్చాయనీ మీ నాయన ఫోనులో చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. ద్రవరూపంలో వచ్చే మత్తు మందులను ఎండాకాలంలో చెడిపోకుండా ఎలా ఉంచాలని నీవు అడిగించావు. నేను ఈ పనిలోనే తల నెరిసినవాణ్ణి కనుక నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసిన సంగతి ఏమిటంటే, ఈ మందులలో చాలావాటికి బలం తగ్గినా కంటికి తెలియదు. ఆంప్యూల్‌లోని, అంటే సీలు వేసిన చిన్న గాజు గొట్టంలోని ద్రావణం తేటగానే ఉంటుంది, లేబుల్ మీది గడువు ఇంకా ఏడాది ఉంటుంది, అయినా లోపలి మందు కొంత విరిగిపోయి ఉండవచ్చు. తయారీదారు ముద్రించిన గడువు అతడు చెప్పిన వేడిమిలో, వెలుతురు తగలకుండా ఉంచినప్పుడే చెల్లుతుంది. వేడిమి పది డిగ్రీలు పెరిగితే మందు విరిగిపోయే వేగం సుమారు రెండింతలు, కొన్నిటిలో అంతకు మించి అవుతుంది. మన దగ్గర మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉంటుంది. రేకుల కప్పు కింద మూసి ఉంచిన గదిలో ఎంత ఉంటుందో ఊహించడం కంటే ఒక థర్మామీటరు తగిలించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి చూసి రాసిపెట్టడం మంచిది. మధ్యాహ్నపు అంకెను తప్పక రాయాలి, ఎందుకంటే పొద్దుటి అంకె ఒక్కటే చూస్తే గది ఎప్పుడూ చల్లగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

నీవు ఎక్కువ జాగ్రత్త పడవలసినది ఫిట్స్ ఆపడానికి వాడే లోరాజిపామ్ సూది మందు. ఇది నీటిలో సరిగా కరగదు, నీరు తగిలితే విరిగిపోయే స్వభావం కలది. అందుకే దీనిని ప్రొపిలీన్ గ్లైకాల్, పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి ద్రవాలలో కరిగించి, బెంజైల్ ఆల్కహాల్ కలిపి తయారు చేస్తారు. అంత చేసినా దీనిని 2 నుండి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచవలసిందే. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టవద్దు, తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ వేడి తగులుతుంది. మంచు పేరుకునే పలకకు ఆనించి కూడా పెట్టవద్దు. మధ్య అరలో, దాని పెట్టెతో సహా ఉంచు. ఫ్రిజ్ లేదని టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్ ఐఎల్ఆర్‌లో పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. టీకాలతో పాటు ఇతర మందులు అందులో ఉంచరాదన్నది నియమం, ఆ నియమం సరైనది కూడా. మందులకు వేరే ఫ్రిజ్ కావాలని రాతపూర్వకంగా అడుగు, ఆ కాగితం నకలు నీ దగ్గర ఉంచుకో.

కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచడమే ఉత్తమం. ఎంతసేపు పోయిందో, తిరిగి వచ్చినప్పుడు లోపల ఎన్ని డిగ్రీలుందో రాయి. లోరాజిపామ్ పెట్టె ఎన్నిసార్లు, ఎంతసేపు బయట ఉండిపోయిందో ఆ పెట్టె మీదే రాసే అలవాటు చేసుకుంటే, వాడవచ్చా లేదా అన్న ప్రశ్న వచ్చిన రోజు తయారీదారుని గానీ మీ వైద్యాధికారిని గానీ అడగడానికి నీ చేతిలో ఆధారం ఉంటుంది. జిల్లా కేంద్రంలోని మందుల గోదాము నుండి సరుకు తెచ్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. ములుగు దాటి అడవి దారిలో బండి ఎండలో ఎంతసేపు నడుస్తుందో నీకు తెలుసు. ఐస్ ప్యాకులున్న డబ్బాలో తేవాలి, ఆంప్యూళ్లు ఐస్‌కు నేరుగా తగలకుండా అట్ట అడ్డం పెట్టాలి.

డైజిపామ్ సూది మందుకు గది వేడిమి చాలు, ఫ్రిజ్ అక్కరలేదు. దాని చిక్కు వేరు. అది కూడా నీటిలో కరగదు కనుక ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్ కలిసిన ద్రావణంలో వస్తుంది. దానిని సెలైన్‌లో కలిపితే ద్రవం మబ్బుగా మారి మందు విడిపోవచ్చు. పీవీసీ సీసాలో, గొట్టంలో పోస్తే మందులో కొంత ఆ ప్లాస్టిక్‌కే అంటుకుపోతుంది, రోగికి చేరవలసినంత చేరదు. కనుక దీనిని ముందే సెలైన్‌లో కలిపి పెట్టే పద్ధతి మీ వార్డులో ఉంటే ఈ కారణాలు చెప్పి మాన్పించు. వేరే ఏ మందుతోనూ ఒకే సిరంజిలో కలపనివ్వవద్దు.

మిడాజోలమ్ ఈ విషయంలో కొంత నయం. దాని ద్రావణాన్ని సుమారు 3 పీహెచ్ దగ్గర పుల్లగా ఉంచుతారు. ఆ పులుపులో దాని అణువులోని ఒక వలయం తెరుచుకుని నీటిలో కరుగుతుంది, రక్తంలో చేరాక వలయం మళ్లీ మూసుకుని మెదడుకు అందుతుంది. ఇంత చక్కని ఏర్పాటు మందుల తయారీలో అరుదని నేను ఇప్పటికీ అనుకుంటాను. క్షార స్వభావం గల మందుతో కలిపితే ఈ ఏర్పాటు చెడి మందు అడుగున పేరుకుంటుంది. ఫినోబార్బిటాల్ సోడియం సూది మందు ఇందుకు సరిగ్గా ఎదురు, అది క్షార ద్రావణంలోనే కరిగి ఉంటుంది. ఈ రెండూ ఒకే గొట్టంలో కలవకూడదన్న మాట నర్సమ్మలకు స్పష్టంగా చెప్పు.

ప్రొపోఫాల్ మీ దగ్గరికి ఆపరేషన్ల రోజునే వస్తుంది. అది సోయా నూనె, గుడ్డు లెసితిన్ కలిపిన పాలలాంటి తెల్లని ద్రవం. గడ్డకట్టనివ్వకూడదు, గడ్డకడితే నూనె విడిపోయి పనికిరాదు. సూక్ష్మజీవులు అందులో త్వరగా పెరుగుతాయి. సిరంజిలోకి తీసినది ఆరు గంటలలో, వయల్ (రబ్బరు మూత గల చిన్న మందు సీసా) నుండి నేరుగా ఎక్కిస్తున్నది పన్నెండు గంటలలో ముగించాలి. మిగిలినది ఎంత ఖరీదైనదైనా పారబోయాలి.

పలుసార్లు వాడే వయల్ తెరిచిన వెంటనే తేదీ, సమయం రాయాలి. తయారీదారు వేరే గడువు చెప్పనప్పుడు 28 రోజులు మించి ఉంచరాదు. అందులోని బెంజైల్ ఆల్కహాల్ సూక్ష్మజీవులను కొంత అడ్డుకుంటుంది కానీ మురికి సూదిని శుభ్రం చేయదు. పైగా అదే పదార్థం నెలలు నిండని శిశువులకు ప్రమాదకరమని 1982 నుండి తెలుసు, పసిపిల్లలకు అది లేని మందు ఏదో వైద్యుడిని అడిగి వేరుగా గుర్తు పెట్టుకో. గుండెను చూసే ఎకో, మెదడును చూసే ఈఈజీ పరీక్షలకు ముందు పిల్లలకు ఇచ్చే ట్రైక్లోఫాస్ సిరప్ బాటిల్‌ను వెలుతురుకు దూరంగా, మూత బిగించి ఉంచు. కొలిచి పోసినది మళ్లీ బాటిల్‌లోకి తిరగబోయకూడదు. ప్రొమెథజైన్ ద్రావణం నీలి రంగుకు తిరిగితే అది గాలికి, వెలుతురుకు చెడిందని అర్థం. రంగు మారినా, మబ్బుగా ఉన్నా, నలుసు కనిపించినా ఆ పెట్టెను పక్కన పెట్టు.

ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. మన జిల్లాలలో డైజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్లు ఉన్నారు. అది ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు వారికి చేతులు వణకడం, మాట తడబడడం, ఫిట్స్ రావడం జరుగుతుంది. అర్ధరాత్రి ఆటోలో తెచ్చిన అటువంటి మనిషికి ఫిట్స్ ఆగకపోతే వైద్యుడు మొదట అడిగేది నీ ఫ్రిజ్‌లోని లోరాజిపామ్. బలం తగ్గిన మందు ఎక్కిస్తే ఫిట్స్ ఆగవు. మోతాదు చాలలేదనుకుని మళ్లీ ఎక్కిస్తారు, మందే చెడిందన్న అనుమానం ఎవరికీ రాదు.

అదే కారణంగా తాళం విషయంలోనూ అజాగ్రత్త పనికిరాదు. మందుల చట్టం నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో ఉన్న డైజిపామ్, మిడాజోలమ్ వంటివాటి రిజిస్టరు మూడేళ్లు దాచాలి. మత్తు మందు కెటమిన్ ఇంకా కఠినమైన షెడ్యూల్ ఎక్స్ జాబితాలో ఉంది, దానిని వేరుగా తాళం వేసి ఉంచాలి. గడువు తీరినవి, ఎండ తగిలినవి చెత్తబుట్టలోకి, మోరీలోకి పోకూడదు. వాటిని వేరే పెట్టెలో సీలు వేసి, బ్యాచ్ నంబరుతో సహా జాబితా రాసి, వైద్యాధికారి సంతకంతో నిబంధనల ప్రకారం నాశనానికి పంపించు. పగిలిన ఆంప్యూల్ ఒక్కటైనా సరే, సాక్షి సంతకంతో నమోదు చేయించు.

ఎండలు ముదరకముందే ఒక పని చేయి. మార్చి ఇండెంటులో ఏడాదికి సరిపడా కాకుండా రెండు నెలలకు సరిపడా లోరాజిపామ్ మాత్రమే అడుగు, ముందు గడువు తీరే పెట్టెలను ముందు వరుసకు తెచ్చుకో. ఫ్రిజ్ వేడిమి రాసే పట్టిక నమూనా ఒకటి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను, మీ దగ్గరి వీలును బట్టి మార్చుకుని వాడు.

ఆశీస్సులతో
నీ పెద్దబాపు