ముంపు బాప్తిస్మం పొందితే ఆత్మీయంగా ఏం జరుగుతుంది? చిన్నప్పటి చిలకరింపు చాలదా?

"చిన్నప్పుడు మా ఊరి సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడిలో నుదుట నీళ్లు చిలకరించారు. ఇప్పుడు హైదరాబాద్‌లో వెళ్తున్న సంఘంలో ముంపు బాప్తిస్మం తీసుకోమంటున్నారు. మునిగితే నిజంగా ఏం జరుగుతుంది? మళ్లీ తీసుకోవచ్చా? పైగా నాకు నీళ్లంటే భయం" అని అడిగారు. బాప్తిస్మ తరగతుల్లో మేము ఎక్కువగా వినేవి ఈ మూడు ప్రశ్నలే. అన్నిటికీ మూలం మొదటిదే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

బాప్తిస్మం అనగానే మనవాళ్లకు స్నానం గుర్తొస్తుంది. పుష్కరాలు చూస్తూ పెరిగిన నేల మనది. మునిగితే పాపం కొట్టుకుపోతుందన్న ఊహ క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్లలో కూడా లోలోపల ఉంటుంది. కడగడం అనే మాట బైబిల్లోనూ ఉంది, కాదనను. కానీ పౌలు రోమా 6వ అధ్యాయంలో చూపించేది స్నానాల రేవును కాదు, సమాధిని. "మనము బాప్తిస్మమువలన మరణములో పాలు పొందుటకై ఆయనతోకూడ పాతిపెట్టబడితిమి" అంటాడు. స్నానం చేసినవాడు అదే మనిషిగా, కాస్త శుభ్రంగా ఒడ్డుకొస్తాడు. పాతిపెట్టినవాడు ఇక లేడు. లేచి వచ్చేది క్రీస్తుతో కూడా లేపబడినవాడు.

"పాతిపెట్టబడితిమి" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. తనను తాను ఎవరూ పాతిపెట్టుకోలేరు. అందుకే బాప్తిస్మంలో ఎవరికి వారు మునగరు, ఇంకొకరి చేతుల మీదికి వెనక్కి వాలిపోతారు. మనం మాట్లాడేటప్పుడు "బాప్తిస్మం తీసుకున్నాను" అంటాం. మన తెలుగు బైబిలు "పొందు" అంటుంది. ఆ రెండు మాటల తేడాలోనే అర్థం సగం ఉంది. మీరు సాధించిన దానికి ఇచ్చే పట్టా కాదది. క్రీస్తు మీకోసం ముందే చేసి ముగించినది మీ ఒంటి మీదికి రావడం.

అలాగని నీళ్లలో మంత్రశక్తి ఏదో ఉందనుకోకండి. సమరయలో గారడీ సీమోను బాప్తిస్మం పొందాడు. తర్వాత పేతురు అతనితో నీ హృదయం దేవుని యెదుట సరియైనది కాదని చెప్పాల్సి వచ్చింది (అపొస్తలుల కార్యములు 8). సిలువ మీది దొంగకు బాప్తిస్మమే లేదు, పరదైసు దొరికింది. పోనీ ఉత్త గుర్తేనా అంటే అదీ కాదు. 1 పేతురు 3:21 దాన్ని శరీరమాలిన్యం తీసివేయడం కాదంటూనే, నిర్మలమైన మనస్సాక్షి దేవునికిచ్చే "ప్రత్యుత్తరము" అంటుంది. దేవుడు పిలిచాడు, మీరు నలుగురి ముందు పలికారు. మత్తయి 28:19లో "నామములోనికి" అనే ఉంది, ఉత్త "నామములో" అని కాదు. ఇకమీదట మీరు ఎవరివారో ఆ "లోనికి" చెబుతుంది.

ఏ ఉద్దేశంతో వస్తున్నారన్న దాన్ని ఎంత గట్టిగా చూడాలో మన ఒంగోలు చరిత్రే చెబుతుంది. 1876-78 నాటి కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చారు. అడిగేవాళ్లు వేలల్లో ఉన్నా, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. సహాయం పంచడం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను అందరూ చెప్పుకుంటారు. ఆ 15 నెలలు ఆగడాన్ని కూడా చెప్పుకోవాలని నా కోరిక. పెళ్లి సంబంధం కోసం, రోగం తగ్గాలని, పాస్టరుగారు పదేపదే అడుగుతున్నారని మొహమాటపడి నీళ్లలోకి దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కారణం తీరిపోగానే సంఘం ముఖం చూడడం మానేస్తారు. మీ సంగతి అదే అయితే ఇంకో ఆరు నెలలు ఆగండి, తప్పేమీ లేదు.

ఇక రెండోసారి సంగతి. కథోలికులు, లూథరన్లు, సీఎస్‌ఐవారు శిశువుకు ఇచ్చిన దాన్నే అసలు బాప్తిస్మంగా ఎంచుతారు. పెద్దయ్యాక కన్ఫర్మేషన్‌లో ఆ విశ్వాసాన్ని సొంత నోటితో ఒప్పుకోవాలి. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాలు నమ్మినవాడు పొందినదే బాప్తిస్మం అంటాయి కాబట్టి, వాళ్ల లెక్కలో మీది రెండోది కాదు, మొదటిదే. గ్రీకులో ఆ మాటకు ముంచడమనే అర్థం. నా మనసు కూడా ఆ పక్షమే. అయినా చిలకరింపు పొంది, తర్వాత కన్ఫర్మేషన్‌లో మనసారా ఒప్పుకుని, ఆ విశ్వాసంలోనే బతుకుతున్న మనిషిని "నీది చెల్లదు" అని భయపెట్టడం నాకు సమ్మతం కాదు. ఎఫెసులో పౌలు కొందరికి మళ్లీ బాప్తిస్మం ఇప్పించాడు (అపొ. 19). కారణం నీళ్లు తక్కువ కావడం కాదు, వాళ్లు యేసుకు ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం దగ్గరే ఆగిపోవడం. మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒక్కటే: చిన్నప్పుడు అమ్మానాన్న మీ తరఫున పలికిన విశ్వాసం ఎప్పుడైనా మీదయిందా? అయిందంటే తొందర లేదు. ఇప్పుడే మొదటిసారి అవుతోందంటే, ముంపు పొందాలన్న కోరిక న్యాయమైనదే. కానీ ఒకసారి ముంపు పొందాక సంఘం మారినప్పుడల్లా మళ్లీ మునగడం మాత్రం వద్దు. ఎవరూ రెండుసార్లు పాతిపెట్టబడరు.

నీళ్ల భయం గురించి. మునిగి ఉండేది రెండు మూడు సెకన్లే. తొట్టిలో నీళ్లు మొలలోతు, అంటే మూడు, మూడున్నర అడుగులు చాలు. అంతకంటే తక్కువైతే మోకాళ్ల మీద కూర్చోబెట్టి ముంచాలి. చేతులు రొమ్ము మీద పెట్టి, ఒక చేత్తో చేతిరుమాలు పట్టుకుని ముక్కు మూసుకోండి. పాస్టరుగారి ఒక చెయ్యి మీ మెడ వెనుక, రెండోది మీ చేతుల మీద ఉంటుంది. "పరిశుద్ధాత్మ" అన్న మాట వినగానే ఊపిరి పీల్చుకుని, మోకాళ్లు కొద్దిగా వంచి వెనక్కి వాలండి. పొరపాటు ఎక్కువగా ఇక్కడే: భయంతో కాళ్లు బిగబెడితే పాదాలు జారి పైకి లేస్తాయి, పట్టుకున్నవారూ తూలుతారు. ముందురోజు ఖాళీ తొట్టిలో ఒకసారి వాలి చూసుకుంటే భయం చాలావరకు పోతుంది. తెల్లబట్టలు తడిస్తే ఒంటికి అతుక్కుని లోపలంతా కనిపిస్తుంది కాబట్టి మందపాటి నూలు చుడీదార్ మేలు. చున్నీని రెండువైపులా పిన్నులతో బిగించండి, లేకపోతే తేలి ముఖం మీదికొస్తుంది. మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే దాచకుండా చెప్పండి.

నదిలో అయితే ఇసుక తవ్విన గుంటలే అసలు ప్రమాదం. నిన్న మోకాలిలోతున్న చోట రెండడుగులు వేస్తే నిలువులోతు రావచ్చు. ముందే కర్రతో చూసుకుని, ప్రవాహం దిగువన ఈతొచ్చిన ఇద్దరిని నిలబెట్టమనండి. తొట్టిలో అయితే కరెంటు. వైరున్న మైకు, నీళ్లు కాచే హీటరు దగ్గర్లో ఉండకూడదు. 2005లో టెక్సాస్‌లో ఒక పాస్టరు బాప్తిస్మపు నీళ్లలో నిలబడి మైకు ముట్టుకుని షాక్‌తో చనిపోయారు.

మీరు అడగలేదు గానీ కుల ధ్రువీకరణ సంగతి కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి కిందికి వస్తారు. నమ్మకం ఒకటి, కాగితం మరొకటిగా బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ చట్టం అన్యాయమని పోరాడేవాళ్ల బాధ నిజమైనది, వాళ్లతో నేనూ ఏకీభవిస్తాను. అయినా అబద్ధపు కాగితం పట్టుకుని "నిర్మలమైన మనస్సాక్షి" అని నీళ్లలో నిలబడలేం. ఖర్చు లెక్క చూసుకునే దిగాలి.

తర్వాతి రోజుల గురించి. ఒడ్డుకు రాగానే ఒళ్లు పులకరిస్తుందని, పాత కోపం, పాత అలవాటు మాయమవుతాయని ఎదురుచూసి, రెండో వారానికే కుంగిపోయేవాళ్లున్నారు. యేసే బాప్తిస్మం పొందిన వెంటనే 40 రోజులు అరణ్యంలో శోధన ఎదుర్కొన్నాడు. జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, మనలోని పాత ఆదాము, అంటే పాత పాపస్వభావం, ప్రతిదినం మునిగి చావాలంటాడు. రోమా 6:11 కూడా మిమ్మును మీరే మృతులుగా "యెంచుకొనుడి" అంటుంది. అది మనసు ఎలా ఉందన్న దాని మీద ఆధారపడిన మాట కాదు, లెక్క రాసుకునే మాట. అందుకే తేదీని మీ బైబిలు మొదటి పేజీలో రాసుకోండి. పడిపోయిన రోజున ఆ పేజీ తెరిచి, ఒప్పుకుని, లేచి నడవండి.

తేదీ ఖాయం చేసే ముందు ఊరికి ఫోన్ చేసి అమ్మానాన్నకు మీరే చెప్పండి. నాడు మిమ్మల్ని ఎత్తుకుని గుడి ముందుకు నడిచినవాళ్లు ఈ కబురు వాట్సాప్ ఫొటోలో చూసి తెలుసుకోకూడదు. వీలైతే రమ్మనండి, తొట్టి పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడమనండి.