టర్మినేషన్ అంటే ఉద్యోగం పోవడం కాదు

"అన్నా, కోర్టు నుంచి కాగితం వచ్చింది. టర్మినేషన్ అని ఉంది. మా కంపెనీకి కూడా చెప్పేశారా?" అమెరికా వచ్చి మూడేళ్ళయిన ఒక తమ్ముడు అడిగాడు. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఆ మాట వింటే ఉద్యోగమే గుర్తొస్తుంది, పాపం. ఆ కాగితం రద్దు చెయ్యమన్నది తన కూతురి మీద తల్లిదండ్రులకుండే హక్కుల్ని. ఆ ఉత్తర్వు వస్తే చట్టం లెక్కలో ఆ పాపకి వాళ్ళు ఏమీ కారు. చూడటానికి వెళ్ళే హక్కుండదు, వేరేవాళ్ళు దత్తత తీసుకుంటుంటే వద్దనే హక్కూ ఉండదు.

టీచరో డాక్టరో ఫోన్ చేసి, సీపీఎస్ (పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం) వాళ్ళు ఇంటికొచ్చినంత మాత్రాన ఇంతదూరం రాదు. అనుమానం వస్తే చెప్పి తీరాలని వాళ్ళకి చట్టముంది, టీచరు మీద కోపం అనవసరం. పిల్లల్ని ఫోస్టర్ కేర్‌కి, అంటే తాత్కాలికంగా వేరేవాళ్ళ సంరక్షణకి, పంపారంటే మాత్రం క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. 1997 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, గత 22 నెలల్లో 15 నెలలు పిల్లలు అక్కడే ఉంటే హక్కుల రద్దుకు రాష్ట్రమే పిటిషన్ వెయ్యాలి. బంధువుల దగ్గర ఉంటే, ఇస్తామన్న సర్వీసులు వాళ్ళే ఇవ్వకపోతే మినహాయింపు దొరకొచ్చు. కొన్ని రాష్ట్రాల్లో గడువు ఇంకా తక్కువ.

పాప తిరిగి రావాలంటే ఏమేం చెయ్యాలో రాసిచ్చే కేస్ ప్లాన్ ఏదిరా అని తమ్ముణ్ణి అడిగితే మైక్రోవేవ్ మీద కూపన్ల కట్ట కింద నుంచి తీశాడు. పేరెంటింగ్ క్లాసులు పన్నెండు, కౌన్సెలింగ్, వారానికోసారి పాపని కలవడం. క్లాసులకి వెళ్ళింది మూడింటికే. "నా కూతుర్ని ఎలా పెంచాలో వీళ్ళు నాకు చెప్పేదేంటన్నా?" అన్నాడు. ఆ పౌరుషం నాకు తెలుసు. జడ్జి చేతిలో ఉండేది మాత్రం పన్నెండుకి మూడు అన్న లెక్క.

లాయర్ని మొదటి వాయిదాలోనే అడగండి. అన్ని కేసుల్లోనూ ఇచ్చి తీరాలని 1981లో సుప్రీం కోర్టు అనలేదు గానీ, డబ్బు లేనివాళ్ళకి చాలా రాష్ట్రాలు ఇస్తున్నాయి. తెలుగు దుబాసీ కావాలని పట్టుబట్టండి, హిందీతో సర్దుకోవద్దు. "కోపంలో ఒక్కటి వేశా" అన్నమాట చావబాదినట్టు ఇంగ్లీషులోకి వెళ్తే ఆ రికార్డుని దిద్దుకోవడం చాలా కష్టం. దగ్గరి బంధువుల పేర్లు, ఫోన్ నంబర్లు వెంటనే ఇవ్వండి. పిల్లల్ని తీసుకెళ్ళిన 30 రోజుల్లో వాళ్ళకి తెలియజేసే బాధ్యత ఏజెన్సీది, కానీ పేర్లు చెప్పాల్సింది మీరే. స్వచ్ఛందంగా వదులుకుంటున్నామనే కాగితం మీద లాయరు చూడకుండా సంతకం పెట్టొద్దు. ఇండియా వెళ్ళిపోతే కేసు పోతుందనుకోవడం పిచ్చితనం. మీరు లేకుండానే నడుస్తుంది, పాపని చూడటానికి రాని వారాలన్నీ మీ ఖాతాలోకే వెళ్తాయి.

పిటిషన్ వేసినంత మాత్రాన తీర్పు వచ్చినట్టు కాదు. స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం రాష్ట్రమే చూపించాలని 1982లో సుప్రీం కోర్టు చెప్పింది. మామూలు సివిల్ కేసులో కంటే ఎక్కువ రుజువు కావాలన్నమాట. అందుకే విచారణలోగా పూర్తిచేసే క్లాసులు, తప్పకుండా వెళ్ళిన విజిట్లు పనికొస్తాయి. ప్రతిదానికీ తేదీ వేసిన రసీదు తీసుకోండి. తీర్పు ఎదురుతిరిగితే అప్పీలు గడువు కొద్దిరోజులే, ఆ పూటే లాయరుతో మాట్లాడాలి.

తమ్ముడు కూపన్లు పారేసి ఒక ఫైలు కొన్నాడు. శనివారం నాలుగో క్లాసు, నేనే దింపుతున్నాను.