నిద్రలోనూ ఊపిరిని నడిపేది ఒక్క కణమేనా?

గుండెకు పేస్‌మేకర్ ఉన్నట్టు ఊపిరికీ మెదడులో ఒక కణం ఉందా, నిద్రపోయాక దాన్ని ఎవరు చూసుకుంటారు అని అడిగారు. చదువుకునే రోజుల్లో రెండేళ్లు ఇదే పని మీద ల్యాబ్‌లో ఉన్నాను కాబట్టి చూసింది చెప్తాను.

అప్పుడే పుట్టిన ఎలుక పిల్ల మెడుల్లా (మెదడు అడుగున వెన్నుపాముకు కలిసే భాగం) నుంచి అర మిల్లీమీటరు మందం ముక్క కోసి, ఆక్సిజన్ బుడగలు పోయే ద్రవంలో ఉంచేవాళ్లం. ఊపిరితిత్తులు లేవు, వెన్నుపాము లేదు. నాలుకకు వెళ్లే నరం మొదట్లో సన్నటి గాజు ఎలక్ట్రోడ్ పెట్టి స్పీకర్‌కి కలిపితే, కొన్ని సెకన్లకోసారి గుప్పుమని ఒక హోరు లేచి అణిగేది. ఆ ముక్క ఊపిరి పీల్చమని ఇంకా చెబుతూనే ఉంది! మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది.

ఆ ముక్కలో కుడి ఎడమల ఉండే, ఈ లయ పుట్టే చిన్న ప్రాంతం పేరు ప్రీబోట్జింగర్ కాంప్లెక్స్. 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్ బృందం దీన్ని గుర్తించింది.

ఇక మీ ప్రశ్న. ఒక్క కణం కాదు. న్యూరాన్లను, అంటే నాడీ కణాలను, ఒకదాన్నొకటి ఆపనివ్వకుండా నిరోధక సంకేతాలకు మందు వేశాం, లయ ఆగలేదు. ఒకదాన్నొకటి ఉత్తేజపరిచే గ్లుటమేట్ సంకేతాన్ని అడ్డుకున్నాం, స్పీకర్ మూగబోయింది. మందు కడిగేస్తే మెల్లగా తిరిగొచ్చింది. ముందు కొన్ని కణాలు కదులుతాయి, అవి పక్కవాటిని లేపుతాయి, కాసేపటికి గుంపంతా ఒక్కసారిగా పేలుతుంది, అంటే విద్యుత్ సంకేతాలు గుప్పిస్తుంది. తర్వాత అలసి ఊరుకుంటుంది, మళ్లీ మొదలు. కొన్ని కణాలకు తమంతట తామే లయగా పేలే గుణం ఉన్నా, నా ఉద్దేశంలో అసలు బలం ఈ గుంపుదే. ఈ సంకేతం వెన్నుపాము మీదుగా ఊపిరితిత్తుల కింద ఉండే ఊపిరి కండరం డయాఫ్రమ్‌కు చేరుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఊపిరి వదలడానికి కండరాలతో పెద్దగా పని లేదు, ఊపిరితిత్తులు వాటంతటవే ముడుచుకుంటాయి.

మార్ఫిన్ లాంటి మందులు ఎక్కువైతే ఊపిరి ఆగిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడే ఉంది. ఈ కణాల్లో కొన్నిటి మీద అలాంటి మందులు అతుక్కునే ఓపియాయిడ్ గ్రాహకాలు ఉంటాయి.

నిద్రలో కాపలా కాసేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. మెడుల్లాలోనే దగ్గర్లో ఉన్న రెట్రోట్రాపిజాయిడ్ కణాలు అది పెరగగానే పసిగట్టి లయను తోస్తాయి. ఫాక్స్2బి జన్యువులో లోపంతో పుట్టిన పిల్లల్లో ఈ పసిగట్టే ఏర్పాటే దెబ్బతింటుంది. వాళ్లలో చాలామంది మెలకువగా ఉన్నంతసేపూ బాగానే పీలుస్తారు, నిద్రలోకి జారగానే ఊపిరి పలచబడుతుంది. అందుకే రాత్రి వెంటిలేటర్ తప్పదు.