ముందు నీలంతో మొదలుపెట్టు

చి. అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ కాలం నాటి ఫోటోల్లాంటివి సొంతంగా ప్రింట్ వేయాలని ఉందని రాశావు. చాలా సంతోషం. కానీ ఆనాటి అల్బుమిన్ పద్ధతి జోలికి ఇప్పుడే పోకు. ఉప్పు కలిపిన గుడ్డు తెల్లసొనను కాగితానికి పట్టించి, ఆరాక సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద తేలించాలి. ఆ మందు ఖరీదెక్కువ, చేతికి తగిలితే నల్లమచ్చ పడుతుంది, కంట్లో పడితే ప్రమాదం. ముందు ఎండతో నీలం బొమ్మలు వేసే సయనోటైప్ పద్ధతి మీద చెయ్యి తిరగనీ. 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దాన్ని కనిపెట్టాడు. ఒకప్పటి ఇంజనీర్ల బ్లూప్రింట్ ఇదే. ఆ మరుసటి ఏడే వృక్షశాస్త్రం తెలిసిన అన్నా అట్కిన్స్ సముద్రపు నాచును కాగితం మీద పరిచి, కెమెరా లేకుండానే పుస్తకానికి బొమ్మలు వేసింది. నువ్వూ ఓ కరివేపాకు రెమ్మతో మొదలుపెట్టు.

ఫెర్రిక్ అమోనియం సిట్రేట్‌లో ఆకుపచ్చ రకం 25 గ్రాములు, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు తీసుకో. ఒక్కోదాన్నీ 100 మి.లీ. నీళ్లలో విడిగా కలుపు. వాడేముందు సమపాళ్లలో కలుపుకుంటే చాలు. పేరులో సయనైడ్ ఉందని టెన్షన్ పడకు. బలమైన యాసిడ్ మాత్రం దాని దరిదాపుల్లోకి రానివ్వకు. గ్లవ్స్ వేసుకో, వంటగిన్నెలు వాడకు.

ప్రింటు పాడైతే అందరూ మందును తిడతారు. చాలాసార్లు తప్పు కాగితానిదే. ఎక్కువకాలం మన్నాలని కొన్ని మంచి కాగితాల్లో సుద్ద కలుపుతారు. సుద్దలోని క్షారం నీలానికి పడదు, వెలిసిపోతుంది. సుద్ద కలపని కాటన్ పేపర్ అడిగి కొనుక్కో. బ్రష్‌కి ఇనుప పట్టీ ఉండకూడదు, నీలం చుక్కలు పడతాయి. కిటికీ మూసి, చిన్న పసుపు బల్బు వెలుగులో కాగితానికి మందు పూయి. చీకట్లోనే ఆరనీ.

ఆరిన కాగితం మీద రెమ్మ పరిచి ఎండలో పెట్టాక గడియారం చూడకు, రంగు చూడు. పసుపుపచ్చ కాగితం మెల్లగా నీలానికి తిరుగుతుంది. అక్కడే తీసేయాలనిపిస్తుంది, తీయకు. ముదురు భాగాలు బూడిదరంగుకి మారి, బొమ్మ పాడైపోయిందేమో అనిపించేదాకా ఆగు. కడిగితే ఆ బూడిదరంగు పోయి అసలు నీలం తేలుతుంది.

పసుపు నీళ్లు రావడం ఆగి, తెల్లభాగాలు తెల్లబడేదాకా కడుగు. మీ అపార్ట్‌మెంట్‌లో బోరునీళ్లే కదా, వాటిలోనూ క్షారం ఉండొచ్చు, మొదటి కడుగులో కాస్త వెనిగర్ వెయ్యి. సబ్బు తగలనివ్వకు. ఒకరోజు గాలికి ఆరితే నీలం ఇంకా చిక్కబడుతుంది.

ప్రతి ప్రింటు వెనకా పెన్సిల్‌తో కాగితం రకం, ఎండలో ఉంచిన టైము రాయి. బాగా రానివి కూడా పారేయకుండా పంపు, చూసి చెబుతా.

పెదనాన్న