హోమ్ స్టూడియోతో ఉపాధి సాధ్యమేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ద్వితీయ సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాడు. ఇంట్లోనే గాత్రం రికార్డు చేసి, కంప్యూటర్‌లో తీర్చిదిద్దే పనిలో స్థిరపడతానంటూ స్టూడియో ఏర్పాటుకు లక్షన్నర రూపాయలు అడుగుతున్నాడు. ఇంజినీరింగ్ వద్దంటున్నాడు. ఈ రంగాన్ని నమ్ముకోవచ్చా?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: నమ్ముకోవచ్చు. అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు పని ఎక్కడ దొరుకుతుందో మీరిద్దరూ తెలుసుకోవాలి. సినిమా పాటలకు మిక్సింగ్ (గొంతు, వాద్యాల ట్రాకులను సమపాళ్లలో కలపడం) చేసే స్థాయికి చేరేవారు కొద్దిమందే. గాయకులు మళ్లీ మళ్లీ పాడిన టేకుల్లోంచి మేలైన పాదాలను ఏరి ఒకే ట్రాకుగా కూర్చడం, శ్రుతి లయలను సవరించడం, డబ్బింగ్ సంభాషణలనూ ఆడియో పుస్తకాలనూ శుభ్రం చేయడం వంటి పనులతోనే కొత్తవారికి ఈ రంగంలో ప్రవేశం దొరుకుతుంది. వీటిలో చాలావరకు ఇంట్లో కూర్చునే చేయవచ్చు కాబట్టి నల్గొండలో ఉండి హైదరాబాద్ స్టూడియోలకు పనిచేయడం అసాధ్యమేమీ కాదు. మొదటి రెండు మూడేళ్లు మాత్రం ఆదాయం నిలకడగా ఉండదు. ఆ కాలానికి కుటుంబం సిద్ధపడాలి.

ఇప్పుడే లక్షన్నర ఇవ్వవలసిన అవసరం లేదు. ఇంట్లో ఓ మోస్తరు కంప్యూటర్ ఉంటే మైకును కంప్యూటర్‌కు కలిపే రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, చుట్టుపక్కల శబ్దాలను తక్కువగా పట్టే డైనమిక్ మైకు, స్టాండు, నోటి గాలిని అడ్డుకునే పాప్ ఫిల్టర్, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు, ఇవన్నీ కలిపి 40 వేల లోపే వస్తాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఉచితంగా పరీక్షించి చూడవచ్చు, వ్యక్తిగత లైసెన్సు ధర 60 డాలర్లు. కుర్రవాళ్లు ముందుగా కండెన్సర్ మైకు కోరుకుంటారు. 48 వోల్టుల విద్యుత్తుతో పనిచేసే ఆ మైకు గొంతులోని సూక్ష్మాలను చక్కగా పట్టుకుంటుంది కానీ, సరిచేయని గదిలో పక్కింటి మిక్సీ శబ్దాన్ని కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది.

నా దృష్టిలో అసలు పెట్టుబడి గది మీద పెట్టాలి, దానికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. నున్నటి సిమెంటు గోడలు, టైల్స్ నేల ఉన్న మన ఇళ్లలో గొంతు గోడలకు తగిలి తిరిగివచ్చి మైకులో పడుతుంది. అలా కలిసిపోయిన ప్రతిధ్వనిని గొంతు సహజత్వం చెడకుండా విడదీయడం చాలా కష్టం. చాలామంది మైకు వెనుక ఫోమ్ అంటించి ఊరుకుంటారు. గాత్రానికి ఎక్కువగా వాడే కార్డియాయిడ్ రకం మైకు ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా వింటుంది కాబట్టి, మందపాటి బొంతలు వేలాడదీయవలసింది గాయకుడి వెనుకా పక్కలా. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఉన్న గదికి దూరంగా ఉండాలి. మైకుకు జానెడు దూరంలో, కాస్త పక్కకు తిరిగి పాడితే ప, ఫ, భ వంటి అక్షరాల గాలి తాకిడి తగ్గుతుంది.

రికార్డింగ్‌ను 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో (అంటే సెకనుకు 48 వేల ధ్వని నమూనాలు, శాంపిళ్లు) చేయమనండి, సినిమా, వీడియో పనులకు వాడే ప్రమాణం అదే. తారస్థాయిలో పాడినప్పుడు కూడా సాఫ్ట్‌వేర్‌లో ధ్వని స్థాయి చూపే మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గరే ఆగాలి, ఎందుకంటే సున్నా దాటితే తెగిపోయిన ధ్వనిని తిరిగి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. పాడేటప్పుడు తన గొంతు హెడ్‌ఫోన్లలో ఆలస్యంగా వినిపిస్తోందంటే బఫర్ పరిమాణం, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శాంపిళ్ల సంఖ్య చూడాలి. 48 కిలోహెర్ట్జ్ వద్ద 1024 శాంపిళ్ల బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, 128కి తగ్గిస్తే అది మూడు మిల్లీసెకన్లకు లోపే.

తరువాతి దశలో మీ అబ్బాయికి ఇతరులకు లేని బలం ఉంది. శ్రుతి సవరించే సాఫ్ట్‌వేర్‌ను యథాతథంగా వదిలేస్తే స్వరాన్ని దగ్గరలోని స్థిరమైన మెట్టు మీదకు లాగుతుంది. తోడి రాగంలో సాధారణ గాంధారం అనే స్వరం రిషభ మధ్యమాల మధ్య ఊగుతూ పలుకుతుంది, గమకం అనే ఆ ఊపే రాగానికి ప్రాణం. సాఫ్ట్‌వేర్ దానిని తప్పుగా భావించి చదును చేస్తే తోడి తోడిలా వినబడదు. మెలొడైన్ వంటి సాఫ్ట్‌వేర్‌లో స్వరస్థానాన్ని వేరుగా, కంపనాన్ని వేరుగా సవరించే వీలుంది. నిలిపి పాడిన షడ్జమ పంచమాలను మాత్రమే చేత్తో సరిచేసి గమకాన్ని ముట్టుకోకుండా వదిలే వివేకం, సంగీతం నేర్చిన చెవికే వస్తుంది. భక్తి సంగీతం, శాస్త్రీయ సంగీతం రికార్డు చేయించుకునేవారు ఇలాంటి మనిషి కోసమే చూస్తారు. సంగీత పాఠాలు మానేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇక చదువు. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా (ఎఫ్‌టీఐఐ)లో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్‌లో మూడేళ్ల కోర్సు ఉంది. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ సౌండ్ విభాగం ఉంది. 2009లో ఆస్కార్ అందుకున్న సౌండ్ డిజైనర్ రసూల్ పూకుట్టి ఎఫ్‌టీఐఐలో చదివినవారే. ఈ కోర్సులకు డిగ్రీ కావాలి, ఇంటర్‌లో భౌతికశాస్త్రం చదివి ఉండటం కూడా కలిసివస్తుంది. అందుచేత డిగ్రీని వదులుకోవడం తెలివైన పని కాదు. ఇంజినీరింగ్‌ను పూర్తిగా తోసిపుచ్చేముందు మీ అబ్బాయి ఒక విషయం తెలుసుకోవాలి: 1997లో వచ్చిన, శ్రుతి సవరించే సాఫ్ట్‌వేర్ ఆటో-ట్యూన్‌ను రూపొందించిన ఆండీ హిల్డెబ్రాండ్, అంతకుముందు చమురు అన్వేషణ కోసం భూకంప తరంగాలను విశ్లేషించిన ఇంజినీరు. అలాంటి సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే వైపు ఆసక్తి ఉంటే ఈసీఈ మంచి మార్గం. రికార్డింగ్ చేసే వైపే మనసుంటే భౌతికశాస్త్రం లేదా ఎలక్ట్రానిక్స్‌తో బీఎస్సీ చాలు, సాధనకు సమయమూ మిగులుతుంది. కొన్ని నెలల డిప్లొమాకు లక్షలు అడిగే ప్రైవేటు సంస్థల విషయంలో, పూర్వ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో స్వయంగా కనుక్కున్న తరువాతే ఫీజు కట్టండి.

పరికరాలు వార్షిక పరీక్షలు ముగిశాకే కొనండి. ఆపై ఆరు నెలల్లో ఒక కీర్తన, ఒక లలితగీతం, ఐదు నిమిషాల కథాపఠనం రికార్డు చేసి, ప్రతిదానికీ సవరించని ఫైలునూ సవరించిన ఫైలునూ పక్కపక్కన పెట్టి రెండు మూడు స్టూడియోలకు పంపమనండి. సహాయకుణ్ణి తీసుకునేవారు సర్టిఫికెట్ కన్నా ముందు ఆ రెండు ఫైళ్ల తేడానే వింటారు. మిగిలిన డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది వారి నుంచి వచ్చే జవాబులు చూసి నిర్ణయించుకోవచ్చు.