క్లాసులో కంప్యూటర్లు పెడితే పిల్లలకి ఒరిగేదేంటి?

ప్రశ్న: మారతహళ్లిలో మా పాప చదివే స్కూల్లో ఆరో తరగతి నుంచి క్లాసులోనే కంప్యూటర్లు పెడతామని ఫీజు పెంచారు. నిజంగా ఉపయోగమేనా?

ఎన్ని సిస్టమ్‌లు కొంటున్నారని కాదండీ, పీరియడ్‌లో మీ పాప చేతికి మౌస్ ఎన్ని నిమిషాలు దొరుకుతుందో అడగండి. బెంగళూరు స్కూళ్లలో ల్యాబుల పని చూసేవాడిగా చెబుతున్నాను, లాభమో నష్టమో అక్కడే తేలిపోతుంది. 40 మంది పిల్లలు, 20 సిస్టమ్‌లు, 40 నిమిషాల పీరియడ్ అనుకోండి. ఆన్ చేసి, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకి మళ్లీ చెప్పి, అందరూ ఒక దారికి వచ్చేసరికి పది నిమిషాలు పోతాయి. మిగిలిన దాంట్లో ఇద్దరికీ చెరో 15. అదీ టీచర్ గడియారం చూసి సగంలో సీట్లు మార్పిస్తేనే. లేకపోతే చురుకైనవాడు మౌస్ వదలడు, పక్కవాడు చూస్తూ కూర్చుంటాడు.

బోర్డు మీద కుదరని పనికైతే కంప్యూటర్ చాలా మంచిది. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం మూల పట్టుకుని లాగితే కోణాలు మూడూ మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గర కదలదు. ఫెట్ అనే సైన్సు ప్రయోగాల సైట్లో సర్క్యూట్ కట్టి బ్యాటరీ షార్ట్ చేస్తే తెర మీదే మంట కనిపిస్తుంది, ఎవరి చేయీ కాలదు. పాఠం పేజీలనే పెద్ద తెర మీద వేసి రాసుకోమంటే మాత్రం సుద్దముక్కే నయం. కంప్యూటర్ల మీద బాగా ఖర్చుపెట్టిన దేశాల్లో పిల్లల చదవడం, లెక్కలు, సైన్సు ఫలితాలు చెప్పుకోదగ్గంతగా మెరుగవలేదని 2015లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ నివేదిక కూడా చెప్పింది.

మన తెలుగు ఇళ్ల పిల్లలకి ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ స్కూల్లో కన్నడ రాస్తారు, తెలుగు ఇంట్లో మాటలకే పరిమితం. భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో రెండు భాషలకీ మీటల అమరిక దాదాపు ఒకటే. షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత షిఫ్ట్ వదిలి కె, డి, కె నొక్కితే ‘అక్క’ వస్తుంది. భాష కన్నడకి మార్చి అవే మీటలు నొక్కినా అక్కే, కన్నడ లిపిలో. కన్నడ టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్‌లో నేర్పమని స్కూల్లో అడగండి, తెలుగు మీటలూ దాంతోనే వచ్చేస్తాయి. ఇక ఇంట్లో అక్షరాలు నేర్పితే చాలు.

జూన్‌లో స్కూలు తెరవగానే ‘నెట్ రావట్లేదు’ అంటుంటారు. చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు. సెలవుల్లో మెయిన్ స్విచ్ ఆపేసి ఉంచితే కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు మీది పాతబడిన 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, బ్రౌజర్ సైట్లని నమ్మడం మానేస్తుంది. బిళ్ల మార్చి తేదీ సరిచేస్తే సరి. సిస్టమ్‌లు గోడల వెంట, తెరలన్నీ టీచర్‌కి కనిపించేలా ఉండాలి. కంప్యూటర్ డబ్బా (క్యాబినెట్) ముట్టుకుంటే చురుక్కుమంటోందని పాప చెబితే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఎర్తింగ్ సరిగ్గా లేదని అర్థం. ఎలక్ట్రీషియన్ చూసి సరిచేసేదాకా ఆ వరసలో పిల్లల్ని కూర్చోబెట్టొద్దని అదే రోజు ప్రిన్సిపాల్‌కి రాసివ్వండి.